ఏ ఫోను నమ్మదగినది?

(మన సంఘపు ఉగాది సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమున నిత్యజీవితమున కుపయోగపడు విషయము నొకదానిని గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి దుకాణములో కూర్చున్నవారము. కాని మా కొట్టునకు వచ్చు మనవారు సరకుల ధరలతో పాటు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఆండ్రాయిడ్ ఫోను కొనవలెనా, ఐఫోను కొనవలెనా? రెంటిలో ఏది చిరకాలము నిలుచును? ఏది నడుమ మొరాయించును?” మా దుకాణమునందును, ఇంటియందును రెండు రకముల ఫోనులును ఎన్నో యేండ్లుగా వాడుకలో నున్నవి. ఆ యనుభవముతో ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును నేడు మనవి చేసెదము.

మొదట ఒక మాట. ఫోను అనగా గాజుపలకయు, బ్యాటరీయు, కెమెరాయు మాత్రమే కాదు. వీటినన్నిటిని నడిపించు ఏర్పాటు లోపల నొకటి యుండును. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. దుకాణమునకు గుమాస్తా యెట్టివాడో ఫోనునకు అది యట్టిది. సరకు ఎంత మేలైనదైనను గుమాస్తా మందకొడియైనచో బేరము సాగదు. గుమాస్తా నమ్మకస్థుడు కానిచో పెట్టెలోని రొక్కము మిగులదు. కనుక ఫోను కొనుట యనగా ఒక గుమాస్తాను పనిలో పెట్టుకొనుటయే. రూపమును చూచి కాక నడవడిని చూచి పెట్టుకొనవలెను.

నేడు బజారున ముఖ్యముగా ఇద్దరే గుమాస్తాలు గలరు. ఆపిల్ కంపెనీ 2007లో ఐఫోనును విడుదల చేసెను. దానిలోని ఏర్పాటునకు ఐ.ఓ.ఎస్. అని పేరు. గూగుల్ కంపెనీ వారి ఆండ్రాయిడ్ తో మొదటి ఫోను 2008లో వచ్చెను. మన దేశమున నూటికి తొంబదికి పైగా ఆండ్రాయిడ్ ఫోనులే. ఈ రెంటికిని గల ముఖ్యమైన భేదమొకటి గ్రహించినచో తక్కిన భేదములన్నియు సులభముగా బోధపడును. ఆపిల్ వారు ఫోనును తామే రూపొందించి, దానిలోని ఏర్పాటును తామే వ్రాసి, మార్పులను తామే పంపుదురు. గూగుల్ వారు ఆండ్రాయిడ్ ను తయారుచేసి అనేక కంపెనీల కిత్తురు. ఆ కంపెనీలు దానిని తమ యిష్టానుసారముగా మార్చి, తమ యాపులను చేర్చి, తమ ఫోనులలో నింపి యమ్మును. మొదటిది ఒకే వంటవాని చేతి వంట. రెండవది ఒకే పచ్చిసరకును పదిమంది పది విధములుగా వండిన వంట. కనుక “ఆండ్రాయిడ్ మంచిదా?” యని యడుగుట కంటె “ఏ కంపెనీ వండిన ఆండ్రాయిడ్, ఏ ధరలోనిది?” యని యడుగుట న్యాయము.

ఈ ఇద్దరు గాక ఇతరులును ఉండిరి. వారి చరిత్ర మనకు పాఠము. ఒకప్పుడు పెద్ద అధికారుల చేతులలో బ్లాక్‌బెర్రీ ఫోనులు వెలుగుచుండెడివి. 2022 జనవరి 4వ తేదీతో ఆ పాత ఫోనుల సేవలు నిలిచిపోయినవి. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోనులు 2010లో వచ్చినవి. చక్కగా, చురుకుగా నడచుచున్నను వాటికి యాపులు వ్రాయువారు కరవైరి. 2019 ముగియుటతో వాట్సాప్ వాటిని విడిచినది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ వారే వాటికి సాయము మానిరి. 2017లో వచ్చిన జియో ఫోను కాయ్ ఓ.ఎస్. అను ఏర్పాటుతో నడచెడిది. తక్కువ ధరకు లభించి, మీటలు నొక్కుటకు అలవాటుపడిన మన పెద్దలెందరికో వాట్సాప్ రుచి చూపినది ఆ ఫోనే. 2024లో వాట్సాప్ దానినుండియు వైదొలగుట మొదలుపెట్టెను. ఈ ఫోనులు పగిలిపోలేదు, తుప్పు పట్టలేదు. గుమాస్తాకు జీతమిచ్చువారు లేకపోయిరి, అంతియే. కావున ఫోను ఎన్నాళ్ళు బ్రతుకుననునది దాని గాజుపై నాధారపడి యుండదు. వెనుకనుండి దానికి మార్పులు పంపువారి దీక్షపై నాధారపడి యుండును.

ఇక నిత్యము వాడుకలోని పనితనమును చూతము. క్రొత్త ఫోను మొదటి నెలలో చురుకుగా నుండుట గొప్పకాదు. క్రొత్త కోడలు మొదటి పండుగకు పనిచేసినట్లు ఏ ఫోనైనను చేయును. మూడవ సంవత్సరమున ఎట్లు నడచుననునదే పరీక్ష. మా యనుభవమున ఐఫోను ఈ పరీక్షలో సామాన్యముగా నిలుచును. పైధరల ఆండ్రాయిడ్ ఫోనులును నిలుచును. ఇబ్బంది యంతయు తక్కువ ధర ఫోనులతోనే. వాటిలో జ్ఞాపకశక్తి తక్కువ. నిల్వకు వాడు చిప్పును నెమ్మదియైనది. యాపులు ఏటేట పెరిగి బరువెక్కుచుండును. ఉదయమున వచ్చు పూలబొమ్మల శుభోదయ సందేశములతోను, పెండ్లి వీడియోలతోను నిల్వ నిండిపోవును. నిల్వ నిండినపుడు ఏ ఫోనైనను మందగించును. కావున ఫోను నెమ్మదించినదని అంగడికి పరుగెత్తుటకు ముందు నిల్వ ఎంత మిగిలినదో చూడుడు. సంవత్సరపు లెక్కలు మూయునపుడు గోదామును దులిపినట్లు ఫోనును గూడ దులుపవలెను.

బ్యాటరీ విషయమున ఇరువురిదియు ఒకే కష్టము. లిథియం బ్యాటరీ కాలక్రమమున క్షీణించును. 2017 డిసెంబరులో ఆపిల్ వారు, బ్యాటరీ క్షీణించిన పాత ఐఫోనులు అకస్మాత్తుగా ఆరిపోకుండుటకై వాటి వేగమును తామే తగ్గించుచున్నామని ఒప్పుకొనిరి. ముందుగా చెప్పకుండ చేసినందుకు లోకము కోపించినది. వారు క్షమాపణ చెప్పి, 2018లో బ్యాటరీ మార్పిడి ధర తగ్గించి, బ్యాటరీ యారోగ్యమును చూచుకొను వీలును ఫోనులోనే కల్పించిరి. దీనివలన మనము నేర్చుకొనవలసిన దేమనగా, నెమ్మదించిన ఫోను ముసలిదై యుండనక్కరలేదు. బ్యాటరీ మార్చిన చాలును గావచ్చును.

ఆండ్రాయిడ్ వైపున మరియొక చిక్కు కలదు. వ్యాపారస్థులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. ఐఫోనునందు అన్ని యాపుల కబుర్లును ఆపిల్ వారి ఒకే తపాలా ద్వారమున వచ్చును. ఆండ్రాయిడ్ నందు గూగుల్ వారి ద్వారము కలదు గాని, కొన్ని ఫోను కంపెనీలు బ్యాటరీ పొదుపు పేరిట యాపులను తామే నిద్రపుచ్చును. యాపు నిద్రించినచో కబురు రాదు. మా దుకాణమున కొంతకాలము ఇట్లే జరిగినది. కొనువాడు యూ.పీ.ఐ. ద్వారా డబ్బు పంపితినని చెప్పును. మా ఫోను మౌనముగా నుండును. మేము సందేహించుదుము, అతడు నొచ్చుకొనును. అరగంట తరువాత మా ఫోను మేల్కొని డబ్బు వచ్చినదని చెప్పును. ఒక పాత ఖాతాదారుడు ఈ కారణముననే మాపై అలిగి కొన్ని వారములు రాలేదు. తప్పు అతనిది కాదు, బ్యాంకుది కాదు. నివారణ సులభము. సెట్టింగులలో ఆ యాపు పేరు తెరచి, బ్యాటరీ యను చోట “అన్‌రిస్ట్రిక్టెడ్” అను దానిని ఎన్నుకొనవలెను. “ఆటోస్టార్ట్” అనునది యున్నచో దానికి గూడ అనుమతి నీయవలెను. ఇంతమాత్రము తెలియక ఎందరు వ్యాపారులు ఖాతాదారులతో తగవు తెచ్చుకొనుచున్నారో!

ఇక నమ్మకము మాట. “ఐఫోను ఎన్నడును చెడదు” అని కొందరు గర్వముతో చెప్పుట వినియున్నాము. వారికి 2018 ఫిబ్రవరి నాటి సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. అది మన తెలుగువారికి మరపురాని సంగతి. ఆ నెలలో ఒక తెలుగు అక్షరము సందేశముగా వచ్చినచో ఐఫోనులోని యాపులు కుప్పకూలుచుండెను. ఆ యక్షరము “జ్ఞా”. జ్ఞానములోని మొదటి యక్షరమే! మనము నిత్యము వ్రాయు “జ్ఞా” వలన హాని లేదు. దాని నడుమ కంటికి కనబడని ఒక గుర్తు చేరినపుడే ఆ దోషము బయటపడెడిది. సందేశముల యాపు తెరచినచో మూసికొనును. మరల తెరచినచో మరల మూసికొనును. ఆకతాయిలు దీనిని ఒకరికొకరు పంపి వినోదించిరి. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ వారు 11.2.6 అను సవరణను పంపి దోషమును తొలగించిరి.

నాడు పత్రికలు దీనిని వింతగా వ్రాసినవి. మాకు మాత్రము మనస్సున కష్టము తోచినది. కోట్లమంది మాటలాడు భాషలోని అక్షరమును ప్రపంచమున ధనవంతమైన కంపెనీలలో నొకటి చక్కగా పరీక్షింపలేదు గదా యని. మన లిపిలో వత్తులు, గుణింతములు ఒకదానిపై నొకటి యెక్కును. వాటిని తెరపై కూర్చుట ఆంగ్లాక్షరములను వరుసగా పేర్చినంత సులభము కాదు. అయినను ఎక్కువమంది వ్రాయుచున్న లిపిలోని దోషము త్వరగా బయటపడును; ఎవరును వ్రాయని లిపిలోని దోషము దాగియే యుండును. ఈ మాటను మీరు మనస్సున నుంచుకొనుడు. మరల దీనియొద్దకు వచ్చెదము.

ఆండ్రాయిడ్ నిర్దోషి యని యెవరును సంతోషింపనక్కరలేదు. 2020లో ఒక సుందరమైన సరస్సు చిత్రమును తెర వెనుక పెట్టుకొన్నచో కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులు ఆరుచు వెలుగుచు అట్లే తిరుగుచుండెడివి. ఆ చిత్రపు రంగుల లెక్క ఆండ్రాయిడ్ పట్టగల హద్దును మీరుటయే కారణము. కొందరు ఫోనులోని సమస్తమును తుడిచి మొదటినుండి ప్రారంభింపవలసివచ్చెను. మరల 2021 మార్చిలో వెబ్‌వ్యూ అను లోపలి భాగమునకు వచ్చిన ఒక సవరణయే దోషభూయిష్ఠమై, జీమెయిల్ మొదలగు యాపులు తెరచిన వెంటనే మూసికొనినవి. ఆ భాగము ప్లేస్టోరు ద్వారా విడిగా వచ్చునది యగుటచే గూగుల్ వారు కొలది కాలములోనే సరిదిద్దగలిగిరి.

కనుక తప్పు చేయని గుమాస్తా లేడు. తప్పు జరిగినపుడు దిద్దుబాటు మన చేతికి ఎంత త్వరగా వచ్చుననునదే ప్రశ్న. ఇచ్చట ఐఫోనుది పైచేయి. ఆపిల్ వారు పంపిన సవరణ తగిన ఫోనులన్నిటికిని ఒకేసారి అందును. 2013లో వచ్చిన ఐఫోను 5 ఎస్ అను ఫోనునకు 2023 జనవరిలో గూడ భద్రతా సవరణ వచ్చినది. ఆండ్రాయిడ్ నందు గూగుల్ వారి సవరణను ఫోను కంపెనీ తీసికొని, తన మార్పులతో సరిచూచి పంపవలెను. ఆ కంపెనీ శ్రద్ధ చూపనిచో మన ఫోను అట్లే యుండిపోవును. ఇటీవల మార్పు వచ్చినది. 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుండి గూగుల్ వారును, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్ 24 నుండి శామ్‌సంగ్ వారును ఏడు సంవత్సరముల వరకు సవరణలు పంపెదమని మాట యిచ్చిరి. కాని చౌక ఫోనులన్నిటికి ఇట్టి మాట లేదు. బ్యాంకు యాపులును, యూ.పీ.ఐ. యాపులును మరీ పాత ఏర్పాట్లను కొంతకాలమునకు విడిచివేయును. కావున అంగడిలో కెమెరా ఎన్ని మెగాపిక్సెలులు అని యడుగుటకు ముందు “దీనికి భద్రతా సవరణలు ఏ సంవత్సరము వరకు వచ్చును?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము లేని ఫోను చౌకయైనను ప్రియమే.

ఇప్పుడు మన భాష సంగతి. మన హోసూరు ప్రాంతమున వ్యాపారి చేతికి నాలుగు లిపులు కావలెను. గిరాకీతో తమిళము, బెంగళూరు మండీతో కన్నడము, జి.ఎస్.టి. కాగితములకు ఆంగ్లము, ఇంటిలో తెలుగు. ఈ నాలుగింటిని నేడు రెండు రకముల ఫోనులును మోయగలవు. ఇది మొదటినుండియు నున్న భాగ్యము కాదు. ఆండ్రాయిడ్ నందు తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు 2012లో వచ్చిన 4.1 నుండియే లోపలినుండి ఆధారము చేకూరినది. అంతకుముందు మనకు వచ్చిన తెలుగు సందేశము వట్టి డబ్బాలుగా కనబడెడిది. ఐఫోనునందు ఇతరులు తయారుచేసిన కీబోర్డులకు 2014లో అనుమతి లభించినది. ఫోనులోని సెట్టింగుల పేర్లతో సహా సమస్తమును తెలుగులో చదువుకొను వీలు ఆండ్రాయిడ్ నందు చాలకాలమునుండి కలదు. ఐఫోనునందు 2025లో వచ్చిన 18.4తో గాని రాలేదు. అందుచే ఆంగ్లము రాని మన తల్లిదండ్రులకు ఫోను కొనునపుడు ఇన్నాళ్ళు ఆండ్రాయిడ్ మేలని మేము చెప్పుచుంటిమి. నేడు ఆ భేదము చాలవరకు తొలగినది.

అయితే తలుపు తెరచినంత మాత్రమున లోపలికి పోయినట్లు కాదు. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు; ఫోనులో మాత్రము ఆంగ్లాక్షరములతోనో, తమిళాక్షరములతోనో తెలుగు వ్రాయుదురు. “కీబోర్డు కష్టము” అందురు. నోటితో చెప్పినచో తెలుగులో వ్రాసిపెట్టు వీలు గూడ నేడు ఫోనులో కలదు. ఇందాక మేము చెప్పిన మాటను తలచుకొనుడు. వ్రాయువారు లేని లిపిలోని దోషములను దిద్దువారు నుండరు. మన పిల్లలు తెలుగు కీబోర్డు నొకసారి నొక్కుట ఆ లిపిని ఫోనులో బ్రతికించుటయే.

ఇక మా హృదయమును ఇప్పటికిని బాధించుచున్న సంగతి యొకటి చెప్పి ముగించెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మన కుటుంబములలోని ఒక వృద్ధురాలిచేత పెండ్లిపాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు పాడించి సంఘపు ఫోనులో పట్టియుంచితిమి. నలుబదికి పైగా పాటలు. వాటిలో ఈ ప్రాంతపు తెలుగువారి నోట తప్ప మరెచ్చటను వినబడని మాటలుండెను. ఒకనాటి రాత్రి ఆ ఫోను సవరణ నందుకొనుచు నడుమ నాగిపోయెను. తెల్లవారి చూచునప్పటికి కంపెనీ గుర్తు తప్ప మరేమియు కనబడలేదు. అది ఏ కంపెనీదో, ఏ రకమో చెప్పుట అనవసరము. ఏ ఫోనుకైనను జరుగవచ్చును. బాగుచేయువాడు లోపలి పలక పోయినదనెను. నేటి ఫోనులలో నిల్వయంతయు రహస్యలిపిలో నుండును. దాని తాళపుచెవి ఆ ఫోనులోనే యుండును. ఫోను పోయినచో దొంగకు దొరకదు, మనకును దొరకదు. ఆ కార్తికమాసమున ఆ తల్లి కాలధర్మము చెందిరి.

ఆ నలుబదింటిలో మూడు పాటలు మిగిలినవి. ఎట్లనగా, బెంగళూరునందున్న ఆమె మనుమరాలు ముచ్చటపడి యడుగగా మేము వాటిని వాట్సాప్ లో పంపియుంటిమి. పంపినవి మిగిలినవి; దాచుకొన్నవి పోయినవి. తప్పు గుమాస్తాది కాదు. నకలు తీయని యజమానులమైన మాదే. చిట్టా యొకచోట, ఆవర్జా యొకచోట వ్రాయుట తాతల నాటినుండి ఎరిగిన వ్యాపారులమై యుండియు ఫోను విషయమున దానిని మరచితిమి.

కనుక నేడే ఈ పని చేయుడు. ఆండ్రాయిడ్ గలవారు గూగుల్ ఖాతాలో నకలు ఉంచుకొనవచ్చును. 15 జీబీల వరకు వెల లేదు. ఐఫోను గలవారికి ఐక్లౌడ్ నందు 5 జీబీలు ఉచితము. అది త్వరగా నిండును గనుక కంప్యూటరులో గూడ నకలు దింపుకొనవలెను. ఒక రకమునుండి మరియొక రకమునకు మారువారు వాట్సాప్ పాత సందేశములు పోవునని భయపడనక్కరలేదు. 2022 నుండి ఆండ్రాయిడ్ నుండి ఐఫోనునకు వాటిని తరలించు వీలు కలదు. కాని పాత ఫోనును తుడుచుటకు ముందు క్రొత్త దానిలో అన్నియు వచ్చినవో లేవో కన్నులార చూచుకొనుడు.

మొదట అడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. ధర భరింపగలిగి, ఒకే ఫోనును అయిదారేండ్లు వాడదలచినవారు ఐఫోనును నమ్మవచ్చును. నడిమి ధరలో కావలసినవారు సవరణలకు మాట యిచ్చిన కంపెనీ ఆండ్రాయిడ్ కొనవచ్చును. ఊరిలోనే తక్కువ ఖర్చుతో బాగుచేయించుకొనవచ్చును. చౌక ఫోను తప్పనిసరియైనవారు దానిలో డబ్బు వ్యవహారమును, కుటుంబపు జ్ఞాపకములను మాత్రము ఒంటరిగా నుంచవలదు. పెట్టె యేదైనను తాళపుచెవులు రెండుండవలెను.

సంఘపు కార్యాలయమున ప్రతి ఆదివారము సాయంకాలము మేమును, కాలేజీలో చదువుచున్న మన పిల్లలు కొందరును కూర్చుండెదము. మీ ఫోనులను తీసికొనిరండు. తెలుగు కీబోర్డు పెట్టి యిచ్చెదము. నకలు తీయు విధము చూపెదము. మీ ఇంటిలో పాట వచ్చిన అవ్వ యున్నచో ఆమెను గూడ తోడ్కొనిరండు. పాటను పట్టి, ఆనాడే మూడు చోట్ల భద్రపరచెదము.